ఆటు, పోటు, ఒక ఖాకీ పంట్లాం

మొన్న ఐతారం పొద్దున మా మనవరాలు స్రవంతి తార్నాకల మా ఫ్లాటు హాలు నిండ సామాను పరిచి కూసున్నది. నా బిడ్డ బిడ్డ. క్యాంపస్‌ల ఎమ్మెస్సీ చదువుతది, హాస్టల్ తిండి పడక నా దగ్గరుంటది. సముద్రం వెనక్కి పోయినప్పుడు ఆ బురదల, రాళ్ల మీద నడిచొస్తరట, గ్రూపుగ పోతున్నరట. ఏమేం తీస్కపోవాల్నో, ఏం తొడుక్కోవాల్నో ఫోన్‌ల పెద్ద లిస్టు. అది చదువుకుంట ఒక్కొక్కటి సంచిల పెడుతున్నది. తడిసినా జల్ది ఆరిపోయే పంట్లాం. మడిమెను గట్టిగ పట్టుకునే బూట్లు. చెప్పులు వద్దట, బురద గుంజుకుంటదట. సాక్సులు రెండు జతలు. నీళ్లు దూరని సంచి, అందుల పొడి బట్టలు. టోపి, ఈల, తాగే నీళ్లు. సముద్రం ఎన్ని గంటలకు పోతదో ఎన్ని గంటలకు వస్తదో చూపించే యాప్. ఆఖరికి, ఎప్పటికి తిరిగొస్తరో ఇంట్ల ఒకరికి చెప్పి పోవాలె అని గూడ రాసున్నది. అది విని నాకు నవ్వాగలేదు. ఇంట్ల ఒకరికట. నేను పోయిన్నాడు బస్తీ మొత్తానికి చెప్పవలసి వచ్చింది, బర్రెలు కాసేటాయనతో సహా.

"నువ్వు గూడ పోయినవా అమ్మమ్మా? ఏం ఏసుకున్నవ్?" అని అడిగింది పిల్ల. పోయిన అన్న గని, ఏం ఏసుకున్ననో చెప్పలె. అది ఒక్క మాటల తెగే ముచ్చట కాదు, ఆ పిల్లకేమో బస్సు టైమైతున్నది. ఆమె పోయినంక, ఇయ్యాల చాయ్ పెట్టుకోని కూసోని రాస్తున్న. నన్ను తారీఖులు అడగొద్దు, నాకు యాదికుండవు. వానకాలమన్నది ఒక్కటి మాత్రం మస్తు యాదికున్నది, ఎందుకో చివరికి మీకే తెలుస్తది.

అప్పుడు మేము మాణికేశ్వర్ నగర్‌ల రెండర్రల రేకుల ఇంట్ల ఉండేటోళ్లం. మా నాయిన మల్లయ్య క్యాంపస్‌ల ఒక ఆఫీసుల అటెండరు. ఫైళ్ల కట్ట సైకిల్ వెనక కట్టుకోని ఈ డిపార్ట్‌మెంట్‌కెళ్లి ఆ డిపార్ట్‌మెంట్‌కు తిరుగుడు ఆయన పని. ఖాకీ అంగి, ఖాకీ పంట్లాం. ఏడాదికి రెండు జతలు ఇచ్చేటోళ్లు, ఒకటి ఒంటి మీదుంటే ఇంకోటి దండెం మీద. పొద్దుమీకి ఇంటికి రాంగనే విడిచి లుంగీ కట్టేటోడు, అమ్మ అప్పటికప్పుడే దాన్ని ఉతికి గంజి పెట్టేది. పొద్దుగాల నాయిన ఇత్తడి చెంబుల నిప్పులేసి తనే ఇస్త్రీ చేసుకునేటోడు, అమ్మను గూడ ముట్టనిచ్చేటోడు కాదు. మా ఇంటి వాసనంటే నాకిప్పటికీ అదే: కాలిన గంజి వాసన, దాని కింద మా అవ్వ నమిలే వాము వాసన. అవ్వ అంటే మా నాయినకు తల్లి. లోకంల ఉన్న రోగాలన్నింటికి ఆమె దగ్గర రెండే మందులు, ఒకటి వాము, రెండోది ఉప్పు కాపడం. కాలు విరిగినా అవే, పరీక్ష ఫెయిలైనా అవే.

నాయిన చదివింది తక్కువే గని తెలుగు రాత ఆయన చేతిల ఖైదీ లెక్క. గోడ మీద బోర్డుల తప్పు కనిపిస్తే సైకిల్ దిగేటోడు. హోటల్ ముంగట "ఇడ్లి" కు దీర్ఘం లేకపోతే లోపలికి పోయి చెప్పొచ్చేటోడు. ప్రొఫెసర్ల ఫైళ్లల్ల గూడ తప్పులుంటయని, చదువుకున్నోళ్లకు తొందరెక్కువని ఇంట్ల మాతోని గుసగుసగ చెప్పేటోడు. ఈ గుణమే మా కొంప ముంచింది.

నేను జువాలజీల ఎమ్మెస్సీ. మా గల్లీల అంత దూరం చదివిన ఆడపిల్ల నేనొక్కదాన్నే. మాకు సముద్రం టూర్ తప్పనిసరి. సముద్రం వెనక్కి పోయిన టైంల ఆ ఖాళీ జాగల నడిచి, పీతల్ని, నత్తల్ని చూసి రికార్డు రాయాలె. నడువకపోతే ప్రాక్టికల్ మార్కులు లేవు, మార్కులు లేకపోతే పట్టా లేదు. తీస్కపోయేది మూర్తి సారు. ఆయన సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, తెలుగంటే పడి చచ్చేటోడు. మా తల్లిదండ్రులకు ఇంగ్లీష్ రాదని, పాపం మంచి మనసుతోనే, ఇండ్లకు తెలుగుల ఉత్తరం రాసి పంపిండు. ఏం తెచ్చుకోవాల్నో, ఏం తొడుక్కోవాల్నో అంతా అందుల ఉన్నది. అన్నింటికన్నా పైన పెద్ద అక్షరాలతోని ఇట్ల ఉన్నది: "ఆటు వేళ నడక ఆరంభించి, పోటు వచ్చులోగా ఒడ్డు చేరవలెను. పోటు వచ్చినచో పరుగెత్తుట కష్టము."

నాయిన అద్దాలు పెట్టుకోని గట్టిగ చదివిండు. అమ్మ పొయ్యి కాడ, అవ్వ గడప మీద. మొదటి మాట కాడనే ఆగిపోయిండు. "ఆటు" ఏంది? సారు ఓత్వం పెట్టుడు మర్చిపోయిండని జేబులకెళ్లి పెన్ను తీసి "ఆటో" అని దిద్దిండు. దిద్దినంక గూడ అర్థం కాలె. ఆటో ఉన్నంక నడుసుడేంది? కొద్దిసేపు ఆలోచించి, సామానంత ఆటోల ముంగటికి పోతది, పిల్లలు దాని వెనక పెండ్లి బరాత్ లెక్క నడుస్తరు అని తేల్చిండు. ఇగ రెండో మాట. పోటంటే మా ఇంట్ల ఎవరికి తెల్వదు? తలపోటు, చెవిపోటు, పక్కపోటు. సముద్రం గాలికి అందరికీ ఒక్కసారే పోటొస్తదన్న మాట, అది వచ్చేలోపల ఒడ్డుకు చేరాలె. పోటొస్తే ఉరుకుడు కష్టమే మరి, ఆ సారుకు మనిషి ఒళ్లు ఎరుకున్నదని అవ్వ మెచ్చుకున్నది. మూర్తి సారు మీద అవ్వకు ఆ పూట పుట్టిన గౌరవం ఆమె పోయేదాక తగ్గలె.

నువ్వు చదువుకున్నదానివి కదా, నువ్వు చెప్పొద్దా అని మీరు అడగొచ్చు. అడిగితే సిగ్గే. నాకు హై టైడ్ తెలుసు, లో టైడ్ తెలుసు, ఆ రెండింటి నడుమ బతికే జీవాల మీద పదిహేను మార్కుల జవాబు నిద్రల లేపినా ఇంగ్లీష్‌ల రాస్త. పోటంటే టైడ్ అని తెల్వది. సముద్రానికి ఇంత దూరంల పుట్టినదాన్ని, నాకు ఆ మాటతోని పనేమున్నది? ఆటుపోట్లు అని పేపర్ల చదివిన, అది మంత్రుల జీవితాలల్ల వచ్చేదనుకున్న. ఆటో సంగతి నాకు గూడ అనుమానంగనే ఉండె గని, నాయిన పెన్ను పెట్టినంక తప్పని చెప్పే ధైర్యం మా ఇంట్ల ఎవరికీ లేకుండె.

తెల్లారేసరికి బస్తీ అంతటా తెలిసింది, మల్లయ్య బిడ్డ పోట్లొచ్చే జాగకు పోతున్నదని. ఎవరికి ఏ పోటుంటే ఆ మందు తెచ్చిచ్చిన్రు. చెవుల పోసుకునే ఎల్లిగడ్డ నూనె సీస, నుదుటికి శొంఠి, కాపడానికి ఇటుకపెళ్ల. బర్రెలు కాసేటాయన పసువులకు రాసే మందు తెచ్చి, మనుషులకైతే సగం రాస్తే సాలన్నడు. అవ్వ తన వంతుగ పాత చీర చింపి, రెండు కిలోల దొడ్డుప్పు మూట కట్టింది. కాపడానికి ఉప్పు అక్కడ దొరుకుతదో లేదో అని ఆమె భయం. నాకూ అప్పుడు తట్టలె. చదువు రెండో ఏడాదిల ఉన్న మనిషిని, సముద్రానికి ఉప్పు మోస్కపోవుడేందని ఒక్క నిమిషం ఆలోచించలె.

అసలు గొడవ మందుల కాడ కాదు, బట్టల కాడ వచ్చింది. ఉత్తరంల "మోకాళ్ల వరకు మడుచుకొనగల పంట్లాము, ఆడపిల్లలకు కూడ" అని ఉన్నది. అమ్మ ఆ మాట వినంగనే గంటె కింద పెట్టింది. మా గల్లీల ఆడపిల్ల పంట్లాం తొడుగుడు అప్పటిదాక ఎవ్వరు చూడలె. లంగ ఓణీతోని పోతే పోతది, లేకుంటే పోనేపోదు అన్నది. నాయిన ఔననలె, కాదనలె. ఆ మనిషి అట్ల సప్పుడు చెయ్యకుంటే అది కాదన్నట్టే. నేను పోయి సారును బతిమాలిన. సారు మంచోడే గని ఈ ఒక్క కాడ మొండి. తడిసిన లంగ మనిషిని కిందికి గుంజుతదట, సరైన బట్టల్లేకపోతే ఒడ్డున కూసోబెడతనన్నడు. ఒడ్డున కూసున్నోళ్లకు మార్కులుండవు. అంటే నా రెండేండ్ల చదువు, నాయిన ఓవర్‌టైము, అంతా వచ్చి ఒక పంట్లాం మీద నిలబడ్డది. బజార్ల కొనుక్కోరాదా అంటరేమో, ఆడపిల్ల కొలతకు పంట్లాలు అమ్మే దుకాణం మాకు తెల్వదు, తెలిసినా అమ్మ గడప దాటనియ్యదు. నేను రెండు దినాలు అన్నం సరిగ తినలె. ఏడ్చిన గూడ, దాస్తే ఏమొస్తది.

ఈ నడుమనే సారు రిహార్సల్ పెట్టిండు. మా కాలేజి వెనక పల్లంల వాననీళ్లు నిలిచి చిన్న చెరువు లెక్క అయ్యింది, పిక్కల లోతు. అదే సముద్రం అనుకొమ్మన్నడు. నీళ్లల్ల చింతగింజలు చల్లి అవే నత్తలన్నడు. నీళ్లల్ల పండుకున్న బర్రెల్ని చూపించి అవి రాళ్లు, వాటి పక్కపొంటి జాగ్రత్తగ నడవాలన్నడు. నడుమల ఒక రాయి లేచి తోక ఊపుకుంట ఎల్లిపోయింది. సారు పంట్లాం మోకాళ్ల దాక మడిచి, ఈల మెడల ఏసుకోని ఆ కొసకు పోయి నిలబడ్డడు. ఆయన ఈల ఊదుకుంట నడిచొస్తడు, ఆయన మనల్ని అందుకోక ముందే మనం గట్టెక్కాలె, ఇదీ ఆట. క్యాంపస్‌ల వచ్చిపోయేటోళ్లందరు నిలబడి చూస్తున్నరు. నేను లంగ పైకి చెక్కుకోని దిగిన. నాలుగు చింతగింజలు ఏరినంక ఈల వినపడ్డది. ఉరకబోతే లంగ జారింది, నీళ్లు తాగి బరువై కాళ్లకు సుట్టుకున్నది, బోర్ల పడ్డ. సారు మెల్లగ నడిచొచ్చి నా మీద వంగి, నిజంగనే బాధపడుకుంట, "మునిగిపోయావమ్మా. వెళ్లి ఒడ్డున కూర్చో" అన్నడు. చెప్పు బురదల ఇరుక్కున్న పిల్లగాన్ని మాత్రం సగం మునిగినవని వదిలేసిండు. మొత్తం మునిగింది నేనొక్కదాన్నే.

ఎట్ల వచ్చిండో గని ఆ టైముకే నాయిన ఫైళ్లతోని అటు వచ్చిండు. ఆయనకు కనపడ్డది ఇది: ఒక లెక్చరర్ మోకాళ్ల దాక పంట్లాం మడిచి, ఈల ఊదుకుంట పిల్లల్ని తరుముతున్నడు, పోటు వచ్చేసిందని అరుస్తున్నడు. కన్నబిడ్డ గట్టు మీద తడిసి ముద్దై కూసున్నది. సైకిల్ ఎక్కడ పడేసిండో తెల్వది, ఇస్త్రీ పంట్లాంతోనే నీళ్లల్లకు దిగి సారు ముంగటికి పోయిండు.

"సార్, పోటు ఎవరికొచ్చింది?"

"ఎవరికీ రాలేదండీ. నేనే పోటుని."

నాయిన ఆయన్ని కిందికెళ్లి మీది దాక చూసిండు. నౌకరి చేసేటోడు కదా, సారును ఏమంటడు. మరి మా బిడ్డ ఎందుకు గట్ల కూసున్నదని అడిగిండు. ఆవిడ మునిగిపోయిందండి, అన్నడు సారు ఎంతో మర్యాదగ. నాయిన తిరిగి నా దిక్కు చూసిండు. నేను ఓణీ పిండుకుంటున్న.

అప్పుడు సారుకు ఎక్కడో తేడా కొట్టినట్టుంది. నాయినను గట్టు మీద కూసోబెట్టి, కట్టెతోని బురదల సముద్రం గీసి చూపించిండు. రోజుకు రెండుసార్లు వెనక్కి పోతదని, అది ఆటు. రెండుసార్లు ముంగటికొస్తదని, అది పోటు. నేను గూడ పక్కకు జరిగి వింటున్న, ఎమ్మెస్సీ చదివేదాన్ని, అప్పుడే మొదటిసారి తెలుస్తున్నట్టు. నాయిన అంగి జేబులకెళ్లి మడత పెట్టిన ఉత్తరం తీసిండు. తను దిద్దిన "ఆటో" దిక్కు చూసి, ఓత్వాన్ని గోటితోని మెల్లగ గీకేసిండు. కాగితం చినిగింది. నాకు తెలిసినంత వరకు నాయిన తన దిద్దుబాటును దిద్దుకున్నది అదొక్కసారే.

"ఈ బట్టల్తోని మునిగితే, ఏ బట్టల్తోని తేల్తది సార్?" అని అడిగిండు.

ముదురు రంగు, దళసరి గుడ్డ, మోకాలి దాక మడవొచ్చే పంట్లాం, అన్నడు సారు. నాయిన తల వంచి తన కాళ్ల దిక్కు చూసుకున్నడు. నేను బురద చూసుకుంటున్నడనుకున్న.

మర్నాడు పొద్దుమీకి నన్ను తార్నాకల ఖాదర్ భాయ్ దర్జీ దుకాణానికి తోల్కపోయిండు. చంకల పేపర్ల చుట్టిన పొట్లం. బయలెల్లేటప్పుడు అమ్మ అడ్డం నిలబడి, మంది ఏమంటరని అడిగింది. "మంది మునగరు. మునిగేది మన పిల్ల" అన్నడు నాయిన. అమ్మ పక్కకు జరిగింది. పొట్లం ఇప్పితే దండెం మీది ఖాకీ పంట్లాం. ఖాదర్ భాయ్ చేతుల పట్టుకోని చూసి, "సర్కారీ కప్డా హై మల్లన్నా, కైంచీ నక్కో" అన్నడు. నాయిన గూడ కత్తెర వద్దనే అన్నడు. అన్నీ కచ్చా కుట్లే వెయ్యాలె, తిరిగొచ్చినంక దారం గుంజితే మళ్ల ఆయన పంట్లాం ఆయనకు రావాలె. నడుం కాడ మడతలు పెట్టి నాడా తొడిగిన్రు. కాళ్ల కాడ లోపలికి మూడు మడతలు మలిచి మోకాళ్ల కిందికి తెచ్చిన్రు. తొడుక్కోని దుకాణం అద్దంల చూసుకుంటే పైన జడ, నడుమల నాయిన, కింద నా కాళ్లు. నవ్విన్రు అందరు, నేను గూడ నవ్విన. నాకు టూర్ దొరికింది, ఇంకేం కావాలె. ఆ పూట నా మనసుల ఉన్న సంతోషంల వేరే ఏ ఆలోచనా పట్టలె.

ఇంట్ల అవ్వకు పోటంటే సముద్రం పోటని అరగంట చెప్పినం. అంత విని, అయితే సముద్రానికి గూడ పోటొస్తదా పాపం, దానికైనా ఉప్పు కాపడమే మందన్నది. మూట మాత్రం విప్పనియ్యలె. ఆ రెండు కిలోలు మోసుకోని నేను రైలెక్కిన.

అక్కడి ముచ్చట పెద్దగ లేదు. ఊర్లె దిగంగనే ఖాకీ చూసి జాలరోళ్లు నన్ను లేడీ పోలీసనుకున్నరు. ఒక ముసలామె వచ్చి, కోడి పోయి మూడ్రోజులైందని, ఎవరి మీద అనుమానమో గూడ చెప్పింది. నేను కాదన్నా వినలె, రాసుకో అన్నది. రాసుకున్న, ఏం చేస్త, చేతిల ఉన్నది రికార్డు నోటే. తర్వాత సారు దాన్ని దిద్దుకుంట, కోడి సముద్రపు జీవి కాదని ఎర్ర సిరాతోని రాసిండు. మాకు వండిపెట్టే ఆమెకు ఆ పూటనే ఉప్పు అయిపోయింది. దుకాణం మూసున్నది. ఎదురుంగ అంత సముద్రం పెట్టుకోని చారుల ఉప్పు లేదు. నేను మూట విప్పిన. మూడు దినాలు అందరం మా అవ్వ ఉప్పే తిన్నం.

ఇగ నడక. సముద్రం వెనక్కి పోయింది, అట్ల ఇట్ల కాదు, కండ్లకు ఆనకుండ పోయింది. మెరిసే బురద, చిన్న చిన్న గుంతలల్ల నీళ్లు, లక్షల పీతలు ఒక్కసారే బొక్కలల్ల దూరుడు. నేను నోరు తెరిచి నిలబడ్డ. అయితే మూర్తి సారు మునిగిపోతమని మమ్మల్ని ఎంత భయపెట్టిండో, ఆయన అంతకు రెండింతలు భయపడ్డడు. చేతి గడియారం మీదికెళ్లి చూపు తీయలె. సముద్రం ఇంకా అవతలి లోకంల ఉండంగనే ఈల ఊదిండు. మేము పడుకుంట లేచుకుంట ఉరికొచ్చి గట్టెక్కి, పోటు కోసం కూసున్నం. రెండు గంటలు కూసున్నం. మూడు రోజులు అదే తంతు. మడిమెలు తడిసినోళ్లు గూడ లేరు. నా పంట్లాం మీద రెండు బురద చుక్కలు పడ్డయి, అవి గూడ ఎండినంక గోటితోని గీకితే పోయినయి. సారు నా పేరు ముంగట "మునగలేదు" అని రాసి మార్కులేసిండు.

ఆ మార్కులతోనే పట్టా వచ్చింది, జూనియర్ కాలేజిల నౌకరొచ్చింది, ఈ ఫ్లాటు వచ్చింది. నేను గూడ ముప్పై ఏండ్లు పిల్లల్ని సముద్రానికి తోల్కపోయిన, ఈల ఊదిన, మునిగినవని తిట్టిన. ఇప్పుడు దేనికి దానికి బట్టలున్నయి, కొండకొకటి, బురదకొకటి, పొద్దున అడిగితే సాయంత్రానికి గుమ్మం ముంగటికొస్తయి. మంచిదే, నాకేం ఏడుపు లేదు. ఆడపిల్ల ఒక పంట్లాం కోసం అన్నం మానే దినాలు పోయినయి, పోవల్సిందే. మా స్రవంతి తన సంచి తనే సర్దుకున్నది, ఎవరినీ అడగలె, ఎవరూ ఏమీ విడిచియ్యలె. నాకు బాధ ఒక్కటే. అన్నిసార్లు పోయిన గని, నాయినను ఒక్కసారి తీస్కపోలె. రమ్మంటే డ్యూటీ అనేటోడు, రిటైరైనంక మోకాళ్లనేటోడు, నేను గూడ సరే అని ఊకున్న. చెయ్యి పట్టుకోని గుంజకపోతే వచ్చేటోడే. గుంజలె. అది నా తప్పు, ఇంకెవ్వరిదీ కాదు.

మేము తిరిగొచ్చిన్నాడు హైదరాబాద్‌ల ముసురు. పోయిన నాటికెళ్లి ఒక్క పూట గూడ తెరిపియ్యలేదట. రైలు దిగి పొద్దుగాల ఇంటికి పోయేసరికి నాయిన డ్యూటీకి తయారైతున్నడు, లుంగీ మీద ఖాకీ అంగి. తుమ్మిండు, మళ్ల తుమ్మిండు. అమ్మ పొయ్యి పక్కన కూసోని పంట్లాన్ని సెగకు పట్టుకున్నది. నేను పీతల గురించి, కోడి గురించి, ఉప్పు గురించి ఊపిరి తీయకుండ చెప్తున్న. నాయిన అంతా విన్నడు. మునిగినవా అని అడిగితే, లేదు నాయినా అన్న.

"మరి పంట్లాం తడిసిందా?"

"అసలు తడవలె నాయినా. పోయినప్పుడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది."

ఆయన మొకం విప్పారింది. పట్టా వచ్చిన్నాడు గూడ ఆయన మొకం అంత వెలగలె.

"అయితే ఇటియ్యి బిడ్డా. నాలుగు రోజులైంది పొడిది తొడిగి."

రెండు జతల్ల ఒకటి నేను కట్టుకోని పోతే ఆయనకు ఒక్కటే మిగులుతదని నాకు అప్పటిదాక తట్టనేలేదు. రోజు వానల తడిసి రావుడు, ఉతుకుడు, ఆరక ముందే పొద్దుగాల మళ్ల అదే తొడుగుడు. తడి ముద్ర పడుతదని ఆఫీసుల స్టూలు మీద గూడ కూసోలేదు, నాలుగు దినాలు నిలబడే ఉన్నడని అమ్మ చెప్పింది, నా దిక్కు చూడకుండ. నేను సంచిలకెళ్లి పంట్లాం తీసిచ్చిన. అమ్మ కచ్చా కుట్లు పండ్లతోని పుటుక్కు పుటుక్కున తెంపింది. నాయిన తొడుక్కోని, రెండు చేతులతోని తొడల మీద తడుముకోని, సైకిల్ తీసి పోయిండు.

పొయ్యి కాడున్న రెండో పంట్లాన్ని నేను తీస్కోని పిండిన. ఇంకా నీళ్లు కారినయి.